ఘంటసాల పాటల పాఠాంతరాలు, అరుదైన ధ్వనిముద్రణల సేకరణ

ఘంటసాల పాటల పాఠాంతరాలు అనగా తెలుగు సినిమా నేపథ్య గాయకుడు, సంగీత దర్శకుడు ఘంటసాల వేంకటేశ్వరరావు (డిసెంబరు 4, 1922 - ఫిబ్రవరి 11, 1974) పాడిన పాటలకు, పద్యాలకు బాగా ప్రచారంలో ఉన్న రూపం కాక లభిస్తున్న ఇతర ధ్వనిముద్రిత రూపాలు. సినిమాలో ఒక విధంగానూ గ్రామఫోను రికార్డులో మరొక విధంగానూ ఉన్న పాటలు, సినిమానుండి తొలగించబడిన పాటలు, ఇతర భాషలలో పాడిన రూపాలు, ఆకాశవాణి ప్రసారాలు, కచేరీల టేపులు ఈ కోవలోకి వస్తాయి. వీటిని వెదకి, పోల్చి, భద్రపరచే పనిని అధికభాగం వ్యక్తిగత అభిరుచితో సేకర్తలు చేస్తూ వచ్చారు.

పాశ్చాత్య సంగీతంలో స్టూడియోలో పక్కన పెట్టిన టేకులు పెద్ద సంఖ్యలో భద్రపరచబడి, తరువాతి కాలంలో విడుదలయ్యాయి. తెలుగు సినిమా సంగీతంలో అటువంటివి మిగలడం చాలా అరుదు. కనుక తెలుగులో ఈ సేకరణ స్టూడియో అలమరలనుండి గాక, ఇళ్ళలోని రికార్డులు, అరిగిన సినిమా ప్రతులు, రేడియోనుండి ఎక్కించుకొన్న టేపుల ఆధారంగా సాగింది.

నేపథ్యం

ఘంటసాల వేంకటేశ్వరరావు కృష్ణా జిల్లా గుడివాడ ప్రాంతంలోని చౌటపల్లి గ్రామంలో జన్మించాడు. ఈయన ఇంటిపేరుకు మూలమైన ఘంటసాల గ్రామం దివిసీమ పరిసరాలలో, మచిలీపట్నం - అవనిగడ్డ ప్రాంతంలో ఉంది. అది ప్రాచీన బౌద్ధక్షేత్రం కూడాను. తండ్రి సూర్యనారాయణ మృదంగం వాయిస్తూ భజనలు చేసేవాడు, నారాయణతీర్థుల తరంగాలు పాడేవాడు. క్షేత్రయ్య పేరుతో ముడిపడిన మొవ్వ, నాట్యానికి ప్రసిద్ధమైన కూచిపూడి ఈ ప్రాంతంలోనివే. ఈ విధంగా దిగువ కృష్ణా డెల్టాలోని భజన, తరంగం, పదం, యక్షగానం అనే మౌఖిక సంప్రదాయాల మధ్య ఘంటసాల బాల్యం గడిచింది.

తండ్రి మరణానంతరం ఈయన విజయనగరం చేరి, పట్రాయని సీతారామశాస్త్రి వద్ద సంగీతం అభ్యసించాడు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో పాల్గొని జైలుకు వెళ్ళాడు. రచయిత సముద్రాల రాఘవాచార్య ప్రోత్సాహంతో మద్రాసు చేరాడు. అక్కడ ఆకాశవాణిలో బాలాంత్రపు రజనీకాంతరావు, హెచ్.ఎం.వి. గ్రామఫోను సంస్థలో పేకేటి శివరాం ఈయనకు అవకాశాలు కల్పించారు. అనగా సినిమాలలో స్థిరపడక ముందే ఈయన గొంతు రేడియోలోనూ, ప్రైవేటు రికార్డులలోనూ వినిపించింది. సేకర్తలు సినిమా పాటలతో ఆగకపోవడానికి ఇదొక కారణం.

పాఠాంతరం అనే పదం

తాళపత్ర గ్రంథాలలో ఒకే పద్యం వేరువేరు ప్రతులలో వేరువేరుగా కనిపించినప్పుడు ఆ భేదాన్ని పాఠాంతరం లేక పాఠభేదం అంటారు. 1820లలో కొంతకాలం మచిలీపట్నంలో ఉద్యోగం చేసిన సి.పి.బ్రౌన్, తెలుగు కావ్యాలకు అనేక ప్రతులు సేకరించి, పండితులచేత వాటిని సరిపోల్చి, శుద్ధప్రతులు తయారు చేయించాడు. ధ్వనిముద్రణల సేకర్తలు చేసే పని కూడా దాదాపు ఇటువంటిదే. ఒకే పాటకు దొరికిన రికార్డు, సినిమా ప్రతి, రేడియో టేపు పక్కపక్కన పెట్టి, ఏది ముందుది, ఏది తరువాతది, దేనిలో ఏ చరణం లోపించింది అని నిర్ణయించవలసి ఉంటుంది.

పక్కన పెట్టిన టేకులు మిగలకపోవడానికి కారణాలు

ఘంటసాల పాడిన కాలంలో గాయకులు, వాద్యబృందం ఒకేసారి ఒకే గదిలో కూర్చొని పాటను ఆమూలాగ్రం ముద్రించేవారు. ఎవరు తప్పు చేసినా పాటను మళ్ళీ మొదటినుండి పాడవలసి వచ్చేది. ఇలా ముద్రించిన ఒక్కొక్క ప్రయత్నాన్ని 'టేక్' అని, ఆమోదించినదానిని 'ఓకే టేక్' అని, పనికిరానిదానిని 'ఎన్.జి.' అని వ్యవహరించేవారు.

తొలిరోజులలో శబ్దాన్ని నేరుగా ఫిల్ముపై కాంతిరేఖలుగా ముద్రించేవారు. ఆ ఫిల్మును రసాయనాలలో కడిగితే తప్ప వినడానికి వీలుండదు. ఫిల్ము ఖరీదైనది. ఓకే టేకునుండి సినిమా ప్రతికి, రికార్డు కంపెనీకి కావలసిన నకళ్ళు తయారైన తరువాత మిగిలినవాటిని దాచే అవసరం నిర్మాతకు కనిపించలేదు. అయస్కాంత టేపు వాడుకలోకి వచ్చిన తరువాత పరిస్థితి మెరుగుపడవలసింది. కానీ చెరిపి మళ్ళీ వాడుకొనే సౌకర్యమే టేపుకున్న గుణం. ఈ అలవాటు ఒక్క మద్రాసుకే పరిమితం కాదు. బి.బి.సి.వంటి ప్రసార సంస్థలు కూడా చాలా కార్యక్రమాల టేపులను చెరిపి తిరిగి వాడుకొన్నాయి.

మరొక అంశం, గాత్రాన్ని, ఒక్కొక్క వాద్యాన్ని వేరువేరు ట్రాకులపై ముద్రించే పద్ధతి తెలుగు సినిమాలలో విస్తృతంగా వాడుకలోకి రాకముందే ఘంటసాల మరణించాడు. అందువలన వాద్యాలు లేకుండా విడిగా ఆయన గొంతు మాత్రమే ఉన్న స్టూడియో ముద్రణలు సాధారణంగా లభించవు.

పాఠాంతరాల రకాలు

సినిమా రూపం, రికార్డు రూపం

పది అంగుళాల 78 ఆర్.పి.ఎం. రికార్డులో ఒక వైపున సుమారు మూడు, మూడున్నర నిమిషాల సంగీతం పడుతుంది. సినిమాలో పాట ఐదారు నిమిషాలుంటే దానిని రెండు వైపులకు విడదీయాలి, లేదా చరణాన్నో, మధ్య వచ్చే వాద్యసంగీతాన్నో తగ్గించాలి. దీనివలన ఒకే పాటకు రెండు నిడివులు ఏర్పడ్డాయి. రికార్డులో ఉన్న చరణం సినిమాలో లేకపోవచ్చు. సినిమాలోని ఆలాపన రికార్డులో లేకపోవచ్చు. ఈ రికార్డులనుండి తయారైన క్యాసెట్లు, సి.డి.లు ఆ కుదింపునే కొనసాగించినప్పుడు, తరువాతి తరం శ్రోతలకు కుదించిన రూపమే అసలు పాటగా పరిచయమైంది.

సినిమానుండి తొలగించిన పాటలు

సినిమా విడుదలకు ముందే రికార్డులు బజారులోకి రావడం ఆనవాయితీ. ఆ తరువాత నిడివి ఎక్కువైందని పాటను తొలగిస్తే, అది రికార్డులో మాత్రమే మిగులుతుంది. ఇటువంటివాటిని గుర్తించడానికి సినిమాహాళ్ళలో అమ్మిన పాటల పుస్తకాలు ముఖ్యమైన ఆధారం. కథాసంగ్రహం, నటీనటుల పేర్లు, పాటల సాహిత్యం ఉన్న ఈ చిన్న పుస్తకంలో ఒక పాట ఉండి, సినిమా ప్రతిలో లేకపోతే సేకర్త దానికోసం వెదకడం మొదలుపెడతాడు. సెన్సారు ధ్రువపత్రంలో రాసిన నిడివిని, లభిస్తున్న ప్రతి నిడివిని పోల్చినా ఎంత భాగం పోయిందో తెలుస్తుంది.

ప్రతులు కాలక్రమంలోనూ తరుగుతాయి. థియేటరునుండి థియేటరుకు తిరిగిన ప్రతిలో తెగిన చోటల్లా కొన్ని చట్రాలు కత్తిరించి అతికించేవారు. రీలు మొదట్లో, చివర్లో ఉన్న పద్యాలు ఈ విధంగా తెగిపోవడానికి ఎక్కువ అవకాశం ఉంది. 2010 జనవరిలో రంగులద్ది విడుదల చేసిన మాయాబజార్ ప్రతిలో కూడా 1957నాటి చిత్రంతో పోలిస్తే నిడివి కొంత తగ్గింది.

భాషాంతర రూపాలు

1950లలో చాలా చిత్రాలు తెలుగు, తమిళ భాషలలో ఏకకాలంలో నిర్మించబడ్డాయి. దేవదాసు (1953) చిత్రానికి కూచిపూడిలో జన్మించిన వేదాంతం రాఘవయ్య దర్శకుడు, సి.ఆర్.సుబ్బురామన్ సంగీత దర్శకుడు. సుబ్బురామన్ చిత్రం విడుదలకు ముందే 1952లో మరణించాడు. దీనిలో కథానాయకుని పాటలను తెలుగులోనూ, తమిళంలోనూ ఘంటసాలే పాడాడు. బాణీ ఒకటే అయినా తమిళ పదాల విరుపు వేరు గనుక, గమకం పడే చోటు, ఊపిరి తీసుకొనే చోటు మారతాయి.

మాయాబజార్ (1957) తెలుగులో మార్చి 27న, తమిళంలో ఏప్రిల్ 12న విడుదలయింది. తెలుగులో అభిమన్యునిగా అక్కినేని నాగేశ్వరరావు, తమిళంలో జెమినీ గణేశన్ నటించారు. తెలుగు పాటల రచయిత పింగళి నాగేంద్రరావు మచిలీపట్నంలో పెరిగి, అక్కడి నాటకరంగంలో రాటుదేలినవాడు. ఈ చిత్రానికి మొదట సాలూరు రాజేశ్వరరావు కొన్ని బాణీలు కట్టి తప్పుకోగా, ఘంటసాల వాటికి వాద్యసమ్మేళనం సమకూర్చి తక్కిన సంగీతాన్ని పూర్తిచేశాడు. ఒకే చిత్రంలో ఇద్దరి చేయి ఉన్నందున, తొలి బాణీలకు, తుది రూపానికి మధ్య ఏమి మారిందనే ప్రశ్న అభిమానులను ఆకర్షిస్తూ వచ్చింది. దానికి సమాధానం చెప్పగల అభ్యాస టేపులు మాత్రం వెలుగులోకి రాలేదు.

గాయకులు మారిన సందర్భాలు కూడా ఉన్నాయి. ఆదినారాయణరావు సంగీతం కూర్చిన సువర్ణసుందరి (1957) చిత్రంలోని రాగమాలిక యుగళగీతాన్ని తెలుగులో ఘంటసాల, జిక్కి పాడగా, హిందీలో మహమ్మద్ రఫీ, లతా మంగేష్కర్ పాడారు. ఒకే సంగీత దర్శకుడు ఒకే కల్పనను రెండు భిన్నమైన గొంతులకు ఎలా సర్దాడో ఈ రెండు ముద్రణలు పక్కపక్కన వింటే తెలుస్తుంది.

ప్రైవేటు రికార్డులు, పద్యాలు

సినిమాలతో సంబంధం లేకుండా గ్రామఫోను సంస్థలు విడుదల చేసినవాటిని ప్రైవేటు రికార్డులు అంటారు. ఘంటసాల పాడిన వాటిలో జంధ్యాల పాపయ్యశాస్త్రి (కరుణశ్రీ) రచించిన పుష్పవిలాపం, కుంతీకుమారి పద్యాలు మిక్కిలి ప్రసిద్ధమైనవి. పద్యానికి తాళబద్ధమైన కొలత లేదు. రాగం ఎంతసేపు సాగాలనేది గాయకుని ఇష్టం. కానీ రికార్డు వైపుకు కొలత ఉంది. కచేరీలో అదే పద్యం పాడేటప్పుడు ఆ బంధం లేదు. కనుక పద్యాల విషయంలో రికార్డు రూపానికి, కచేరీ రూపానికి మధ్య భేదం పాటలలోకంటె ఎక్కువగా కనబడుతుంది.

రేడియో ముద్రణలు

ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న ప్రారంభమైంది. 1952 తరువాత కొంతకాలం ఆకాశవాణి సినిమా పాటలను దాదాపు నిలిపివేసింది. 1957లో వివిధభారతి మొదలయ్యేవరకు శ్రోతలు రేడియో సిలోనును ఆశ్రయించారు. సిలోను తెలుగు ప్రసారాలలో మీనాక్షి పొన్నుదొరై గొంతు చాలామందికి పరిచితం. ఆకాశవాణికోసం ప్రత్యేకంగా పాడిన లలితగీతాలు రికార్డులుగా రాలేదు. అవి ఆకాశవాణి భాండాగారంలోనో, ఆనాడు ఇంట్లో స్పూల్ టేప్ రికార్డరున్న కొద్దిమంది శ్రోతల వద్దనో మాత్రమే ఉండగలవు.

కచేరీలు, ఇంటి టేపులు

ఘంటసాల 1971లో ఐరోపా, అమెరికాలలో పర్యటించి కచేరీలు చేశాడు. ఇటువంటి కచేరీలను, ఊళ్ళలో పందిళ్ళలో జరిగిన కచేరీలను శ్రోతలు టేపులపై ముద్రించుకొన్నారు. మైకులో గరగర, మధ్యలో చప్పట్లు, పిల్లల ఏడుపు ఉన్నా వీటికి విలువ ఎక్కువ. సినిమాలో పెద్ద వాద్యబృందంతో వినిపించిన పాటను హార్మోనియం, తబలా వంటి కొద్ది వాద్యాలతో గాయకుడు ఎలా మలచుకొన్నాడో ఇవే చెబుతాయి. స్టూడియో టేకులు లేని లోటును కొంతవరకు తీర్చేవి కచేరీ టేపులే.

మరణానంతరం వెలువడినవి

భగవద్గీత శ్లోకాలను తెలుగు తాత్పర్యంతో ఘంటసాల గానం చేయగా, ఆ రికార్డులు ఈయన మరణానంతరం 1974లో విడుదలయ్యాయి. గురువు సీతారామశాస్త్రి కుమారుడు, ఘంటసాలకు చిరకాల సహాయకుడు పట్రాయని సంగీతరావు ఈ పనిలో తోడ్పడ్డాడు. ఇది అసంపూర్ణంగా మిగిలి ఇతరులు అతికినది కాదు. గాయకుడు స్వయంగా పాడి ముగించినది. విడుదల ఆలస్యమైన ముద్రణకు, గాయకుడు వద్దన్న ముద్రణకు మధ్యనున్న తేడాకు ఇది మంచి ఉదాహరణ.

సేకరణ చరిత్ర

తొలి సేకర్తలు ధనికుల ఇళ్ళలోవారు మాత్రమే కాదు. గ్రామఫోను ఉన్న కాఫీహోటళ్ళు, పెళ్ళిళ్ళకు మైకుసెట్లు అద్దెకిచ్చేవారు, టూరింగు టాకీసుల యజమానులు రికార్డులు కొని దాచేవారు. ఘంటసాల పాడిన వేంకటేశ్వరుని భక్తిగీతం వినబడితే ఇక ఆట మొదలవుతుందని డేరా హాలు చుట్టుపక్కల ఊళ్ళవారికి తెలిసేది. వాడుక వలన ఈ రికార్డులు బాగా అరిగిపోయాయి. అందరూ ఇష్టపడిన పాటకు మంచి ప్రతి దొరకడం కష్టం కాగా, ఆడని సినిమాలోని పాటకు రికార్డే దొరకడం కష్టం. ఘంటసాల స్వయంగా నిర్మించిన పరోపకారం (1953), సొంతవూరు (1956), భక్త రఘునాథ్ (1960) చిత్రాలు ఆర్థికంగా విజయం పొందలేదు. అటువంటి చిత్రాల రికార్డులు పెద్ద సంఖ్యలో అచ్చుకావు గనుక ఇప్పుడు అరుదు.

భారతదేశంలో పెద్ద వ్యక్తిగత రికార్డు సేకరణలలో బొబ్బిలి రాజవంశానికి చెందిన వి.ఎ.కె.రంగారావు సేకరణ ప్రసిద్ధమైనది. ఆయన మద్రాసులో నలభై వేలకు పైగా 78 ఆర్.పి.ఎం. రికార్డులు సమకూర్చాడు. 'ఆలాపన' పేరుతో రాసిన వ్యాసాలద్వారా పాటల వివరాలను పాఠకులకు అందించాడు. రికార్డు ఉన్నంత మాత్రాన చాలదని, దాని సంఖ్య, సంవత్సరం, రచయిత, గాయకుల పేర్లు నమోదు కావాలని ఇటువంటి రచనలు పాఠకులకు అలవాటు చేశాయి. 1990లో ముంబైలో ఏర్పడిన సొసైటీ ఆఫ్ ఇండియన్ రికార్డ్ కలెక్టర్స్ వివిధ భాషల సేకర్తలను ఒకచోట చేర్చింది.

1980లలో చౌక క్యాసెట్లు రావడంతో సేకర్తల మధ్య పాటల మార్పిడి సులభమైంది. కానీ నకలునుండి నకలు తీసినకొద్దీ గొంతులోని స్పష్టత తగ్గి, బుసబుసమనే శబ్దం పెరిగింది. ఏ రికార్డునుండి తీశారన్న సమాచారం మొదటి మార్పిడిలోనే పోయేది. ఇరవై ఒకటవ శతాబ్దంలో కంప్యూటరు ఫైళ్ళతో మొదటి సమస్య తీరింది. రెండవది అలాగే ఉంది.

గుర్తించే విధానం

అరుదైనదని చెప్పే ప్రతి ముద్రణా నిజంగా పాఠాంతరం కాదు. సాధారణంగా ఈ క్రింది అంశాలను పరిశీలిస్తారు.

* రికార్డు సంఖ్య: లేబులుపై ఉండే సంఖ్య. హెచ్.ఎం.వి. వారివి 'ఎన్', కొలంబియా వారివి 'జి.ఇ.' వంటి అక్షరాలతో మొదలవుతాయి.
* మాతృక సంఖ్య: లేబులుకు పక్కన, గాడి ముగిసే చోట చెక్కి ఉండే సంఖ్య. ముద్రణ జరిగిన వరుసను ఇది తెలుపుతుంది. ఒకే రికార్డు సంఖ్యగల రెండు ప్రతులలో ఇది వేరుగా ఉంటే రెండూ జాగ్రత్తగా వినవలసినవే.
* వేగం: తిరిగే వేగం కొద్దిగా మారినా శ్రుతి మారుతుంది. సెకనుకు 24 చట్రాలతో తీసిన సినిమాను 25 చట్రాల పాల్ టీవీ పద్ధతిలోకి మార్చినప్పుడు పాట సుమారు 4 శాతం వేగంగా నడిచి, శ్రుతి దాదాపు ముప్పాతిక అరస్వరం పెరుగుతుంది. ఇటువంటి వీడియోలలోని పాటను 'పై శ్రుతిలో పాడిన మరో రూపం' అని పొరపడే అవకాశముంది.
* తరువాత చేర్చిన మార్పులు: పునర్విడుదలలలో ప్రతిధ్వని, స్టీరియో భ్రమ, కొత్త వాద్యాలు చేర్చడం జరిగింది. గొంతు పాతదే అయినప్పుడు అది వేరు గానం కాదు.
* గాయకుని గుర్తింపు: లేబులుపై పేరును సైతం పూర్తిగా నమ్మలేము. 1949నాటి హిందీ చిత్రం మహల్‌లో లతా మంగేష్కర్ పాడిన పాట రికార్డుపై మొదట కథలోని పాత్ర పేరు 'కామిని' అని ముద్రించారు. తెలుగులో ఘంటసాల బాణీని అనుసరించి పాడినవారి ముద్రణలు, క్యాసెట్ల కాలంలో ఇతరులు తిరిగి పాడిన పాటలు ఆయన పేరుతో చెలామణి అయ్యే ప్రమాదముంది.

ఇటీవలి కాలంలో కృత్రిమ మేధతో మరణించిన గాయకుల గొంతును అనుకరించడం సాధ్యమైంది. కీడా కోలా (2023) చిత్రంలో ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం గొంతును ఈ విధంగా వాడినందుకు ఆయన కుమారుడు ఎస్.పి.చరణ్ 2024లో చట్టపరమైన నోటీసు పంపాడు. ఒక టేపు ఎవరి వద్దనుండి, ఏ వస్తువునుండి వచ్చిందో చెప్పలేకపోతే, ఇకముందు దాని ప్రామాణికతను గొంతునుబట్టి మాత్రమే నిర్ణయించడం సాధ్యం కాదు.

పరిరక్షణ

78 ఆర్.పి.ఎం. రికార్డులను లక్క, రాతిపొడి మొదలైన పదార్థాల మిశ్రమంతో తయారుచేసేవారు. ఇవి చేయి జారితే పగులుతాయి, ఎండకు వంగుతాయి. స్పిరిటు తగిలితే లక్క కరుగుతుంది గనుక వీటిని స్పిరిటుతో తుడవరాదు. ఒకదానిపై ఒకటి పేర్చక నిలువుగా నిలపాలి. వీటి గాడి ఎల్.పి. రికార్డు గాడికంటె వెడల్పు కాబట్టి వేరే ముల్లు వాడాలి. టేపులకు తేమ ప్రధాన శత్రువు. బూజుపట్టిన టేపును శుభ్రం చేయకుండా తిప్పితే అయస్కాంత పూత ఊడివస్తుంది.

దిగువ కృష్ణా డెల్టాలో ఈ సమస్య తీవ్రమైనది. పులిగడ్డ వద్ద కృష్ణానది రెండు పాయలుగా చీలి సముద్రాన్ని చేరేలోగా ఏర్పడిన దివిసీమలో గాలిలో తేమ, ఉప్పు ఎక్కువ. తుఫానులు, వరదలు తరచుగా వస్తాయి. 1977 నవంబరు 19న వచ్చిన పెనుతుఫానులో ఉప్పెన ఇక్కడి ఊళ్ళను ముంచివేసి వేలాదిమందిని బలిగొన్నది. ఇళ్ళే మిగలని ఊళ్ళలో పెట్టెలోని రికార్డులు, పాటల పుస్తకాలు మిగులుతాయనుకోవడానికి లేదు. ఒకే ఇంట్లో ఒకే ప్రతిగా ఉన్న వస్తువు భద్రంగా ఉన్నట్లు కాదని ఇటువంటి అనుభవాలు తెలుపుతున్నాయి.

ఆధునిక పద్ధతిలో రికార్డును 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ ప్రమాణంలో డిజిటలు రూపంలోకి మారుస్తారు. శుభ్రపరచని యథాతథ ఫైలును ఒకటి తప్పనిసరిగా దాచాలి. గరగర తొలగించే క్రమంలో గాయకుని ఊపిరి, గొంతులోని జీర కూడా పోయే అవకాశముంది. మంచి ఉపకరణాలు వచ్చినప్పుడు మళ్ళీ ప్రయత్నించడానికి యథాతథ ప్రతి కావాలి. లేబులు, మాతృక సంఖ్య, అట్ట ఛాయాచిత్రాలు కూడా దానితో జతచేయాలి. సినిమా ప్రతుల విషయంలో 1964లో పూణెలో ఏర్పడిన జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ ప్రధాన సంస్థ. అది ఏర్పడేనాటికే తెలుగు తొలి టాకీ భక్త ప్రహ్లాద (1932) వంటి చిత్రాల ప్రతులు అందుబాటులో లేకుండా పోయాయి.

చట్టపరమైన అంశాలు

భారత కాపీహక్కు చట్టం (1957) ప్రకారం ధ్వనిముద్రణకు, అది ప్రచురితమైన సంవత్సరం తరువాతి సంవత్సరంనుండి 60 ఏళ్ళపాటు హక్కు ఉంటుంది. ఉదాహరణకు 1957లో వెలువడిన రికార్డుపై హక్కు 2017 చివరితో ముగిసింది. కానీ పాట సాహిత్యానికి, బాణీకి విడిగా హక్కులుంటాయి. అవి కర్త మరణించిన తరువాతి సంవత్సరంనుండి 60 ఏళ్ళు ఉంటాయి. సముద్రాల రాఘవాచార్య 1968లో, పింగళి నాగేంద్రరావు 1971లో, ఘంటసాల 1974లో మరణించారు. అనగా రికార్డు హక్కు తీరినా, పింగళి సాహిత్యంపై 2031 చివరివరకు, ఘంటసాల బాణీపై 2034 చివరివరకు హక్కు నిలిచి ఉంటుంది.

ధ్వనిముద్రణ హక్కు గడువును ప్రచురణ తేదీనుండి లెక్కిస్తారు. కాబట్టి ఎన్నడూ ప్రచురితం కాని ముద్రణల విషయంలో ఆ లెక్క మొదలుకాదు. టేపు ఎవరి ఇంట్లో ఉన్నదో వారికి ఆ వస్తువుపై మాత్రమే యాజమాన్యం ఉంటుంది. దానిలోని పాటను విడుదల చేసే హక్కు దానితోపాటు రాదు. హెచ్.ఎం.వి. గుర్తుతో రికార్డులు విడుదల చేసిన గ్రామఫోను సంస్థ 2000లో సారెగమగా పేరు మార్చుకొంది. పాత ముద్రణలలో అధికభాగం ఆ సంస్థ వద్దనే ఉన్నాయి.

ఇతర దేశాలలో

1969లో బాబ్ డిలాన్ విడుదల చేయని ముద్రణలతో 'గ్రేట్ వైట్ వండర్' అనే అనధికార రికార్డు అమెరికాలో వెలువడింది. రాక్ సంగీతంలో తొలి ప్రసిద్ధ దొంగ రికార్డుగా దీనిని పేర్కొంటారు. తరువాత సంస్థలే ఈ గిరాకీని గుర్తించాయి. డిలాన్ 'బూట్‌లెగ్ సిరీస్' 1991నుండి, బీటిల్స్ 'ఆంథాలజీ' 1995-96లో అధికారికంగా విడుదలయ్యాయి. అక్కడ టేపులు మిగిలి ఉన్నాయి గనుక చర్చ అంతా ఏది విడుదల చేయాలన్నదానిపై సాగింది. తెలుగులో ప్రశ్న ఏది మిగిలింది అన్నదే.

విమర్శ

గాయకుడు ఆమోదించని టేకును అతని మరణానంతరం వినిపించడం సమంజసమా అనే ప్రశ్న అన్ని దేశాలలోనూ ఉంది. అపశ్రుతి పలికిన క్షణాన్ని, దగ్గును, మరచిన మాటను వినోదంగా ప్రచారం చేయడం గాయకునికి అన్యాయమని కొందరి వాదన. పాట ఎలా రూపొందిందో విద్యార్థులకు తెలియజేసేవి అటువంటి ముద్రణలేనని మరికొందరి వాదన. పరిశోధనకోసం భద్రపరచడం వేరు, బజారులో విడుదల చేయడం వేరు అనే విభజన ఈ రెండింటికీ మధ్యేమార్గం.

సేకర్తలపైనా విమర్శలున్నాయి. తమ వద్ద తప్ప మరెక్కడా లేదనే గొప్పకోసం ముద్రణను ఎవరికీ వినిపించకుండా దాచడం వలన, ఆ వ్యక్తి అనంతరం అది పాతసామాను దుకాణానికి చేరే ప్రమాదం ఉంది. వారసులకు దాని విలువ తెలియకపోవడం, జాబితా లేకపోవడం ఇందుకు కారణాలు.

ప్రాముఖ్యత

ఘంటసాల పాడిన పాటల సంఖ్యను గురించి వేరువేరు అంకెలు ప్రచారంలో ఉన్నాయి. సినిమా పేరు, సంవత్సరం, రికార్డు సంఖ్యలతో కూడిన జాబితా మాత్రమే ఈ విషయాన్ని తేల్చగలదు. ఒకే పాట రెండు రూపాలను రెండు పాటలుగా లెక్కించకుండా, రెండు వేరు పాటలను ఒకటిగా పొరపడకుండా ఉండాలంటే పాఠాంతరాల పరిశీలన తప్పనిసరి.

సంగీత విద్యార్థులకు దీనివలన మరొక ప్రయోజనముంది. రికార్డులో ఉన్నదే పాటకు ఏకైక రూపమని భావించేవారికి, అదే గాయకుడు కచేరీలో రాగాన్ని పొడిగించడం, తమిళంలో పాడేటప్పుడు విరుపు మార్చడం, రేడియోలో నెమ్మదిగా పాడడం వినిపిస్తే, మౌఖిక సంప్రదాయంలో పెరిగిన గాయకునికి పాట గట్టిపడిన అచ్చు కాదని తెలుస్తుంది. తండ్రి భుజాలపై కూర్చొని భజనలు విన్న బాలుడు పెద్దవాడై మూడు నిమిషాల రికార్డులో ఇమడవలసి వచ్చింది. ఆ మూడు నిమిషాల వెలుపల ఆయన పాడినదానిలో మిగిలిన కొద్దిభాగం ఈ సేకరణలలోనే ఉంది.

ఇవి కూడా చూడండి

* ఘంటసాల వేంకటేశ్వరరావు
* చౌటపల్లి
* దివిసీమ
* పింగళి నాగేంద్రరావు
* గ్రామఫోను
* మాయాబజార్
* పుష్పవిలాపం
* వివిధభారతి